ఇత్తడి కాలు

కుతాయిసీలో మా తొమ్మిదంతస్తుల మేడ లిఫ్టు
నాణెం వేస్తే గాని కదలదు.
దాని మోటారు గదిలో ముప్ఫై ఏళ్లు గ్రీజు పూసుకున్న చేతులివి.
మూడు వందల ఎనభై వోల్టులతో నాకు మొహమాటం లేదు.
గోరంత ఎర్రదీపాన్ని కడుపులో పెట్టుకున్న
పన్నెండు వోల్టుల బొమ్మ స్విచ్చి
నిన్న రాత్రి నన్ను మూడుసార్లు ఓడించింది.

మనవరాలు తేక్లే పండూరికి చిన్న యాంప్లిఫైయరు.
మూడు తీగల వాయిద్యం,
బిస్కెట్ల డబ్బాలో దూర్చిన పాత కారు స్పీకరు,
డబ్బా ముందువైపు స్విచ్చికోసం కోసిన కన్నం.
కొలత తప్పు చెప్పింది తను,
రేకు గీసుకుని బొటనవేలికి గుడ్డ చుట్టుకున్నది నేను.

స్విచ్చి వెనక మూడు కాళ్లు.
రెండు తెల్లవి, ఒకటి ఇత్తడి రంగుది.
దుకాణంలో గోచా "ఏముంది బద్రీ, పిల్లల పని" అని
ఒక కాగితం ముక్క మీద గీసైనా ఇవ్వలేదు.

మొదట పాత అలవాటుకొద్దీ
తెల్లకాళ్లకి రెండు ఎర్రవైర్లు, అంతే.
నొక్కితే పండూరి పలికింది.
దీపం పలకలేదు.
"నిద్రపోతోందేమో తాతా."

రెండోసారి, కళ్లద్దాలు నుదుటి మీదే మరిచి,
నల్లవైరు తీసుకెళ్లి పక్కకాలికి అతికాను.
టప్.
ఫ్యూజు గాజులో మసి.
వంటింట్లోంచి లమారా:
"ఇల్లు తగలెట్టే ముందు ఓ మాట చెప్పు,
జామ్ గిన్నె దించుకుంటాను."

మూడోసారి నల్లవైరు ఇత్తడికాలిని చేరింది,
ఆ సంబరంలో ఎర్రవైర్లు రెండూ
అటుది ఇటు, ఇటుది అటు అయ్యాయి.
దీపం వెలిగింది.
స్విచ్చి ఆపాను.
వెలుగుతూనే ఉంది.
వేసి, ఆపి, మళ్లీ వేసి, మళ్లీ ఆపాను.
పండూరి నోరు మూసుకుంది గాని
ఇది మాత్రం రెప్ప వెయ్యకుండా నావైపే చూస్తోంది.

"అబద్ధమాడుతోంది" అంది తేక్లే.
పదకొండేళ్లకి లోకంలో రెండే ఉంటాయి,
వేసినదీ, ఆపినదీ.

నేను టంకం కడ్డీ పక్కన పెట్టి ఊరుకున్నాను.
ఇది పుట్టకముందు, దీని తల్లికి పాలపళ్లు ఊడే రోజుల్లో,
కరెంటు లేని చలికాలాలు గడిపాం.
మేడంతా స్విచ్చులు వేసే ఉంచి పడుకునేది,
ఏ అర్ధరాత్రో వస్తే
వెలుగు మొహాన పడి లేపుతుందని.
లేపేది కూడా.
తొమ్మిదంతస్తులకీ ఒకటే గొంతు: "వచ్చింది!"
ఒకరు పిండి కలిపేవారు, ఒకరు చొక్కాలు ఇస్త్రీ చేసేవారు,
లమారా పిల్లకి తలంటేది మంచం మీంచి లాక్కొచ్చి,
నేను కోటు తొడుక్కుని మోటారు గదికి.
నలభై నిమిషాలు.
మళ్లీ చీకటి.
స్విచ్చులు మాత్రం వేసినవి వేసినట్టే.

ఇదీ అదే అంటోంది కదా:
గడప దాకా వచ్చాను,
తలుపు తియ్యడం నీ ఇష్టం.
తేక్లే అడిగే దీపం వేరు,
లోపలికొచ్చి కూర్చున్నాకే పేరు చెప్పే రకం.
ఇందులో అబద్ధం ఎవరిది?

ఇదంతా తనకి చెప్పలేదు. పొద్దున్నే బడి ఉంది.
పైగా డబ్బా తనది.
టంకం కరిగించి వైర్లు మార్చాను,
వచ్చేది ఒకటో కాలికి, వెళ్లేది రెండోదానికి,
నల్లది ఇత్తడికి.
నొక్కింది, వెలిగింది.
ఆపింది, ఆరింది.
డబ్బా చంకన పెట్టుకుని, పండూరి భుజాన వేసుకుని,
లిఫ్టుకి నాణెం నా జేబులోంచే తీసుకుని
వెళ్లిపోయింది.

బల్ల మీద తెగిన వైరు ముక్కలు,
గోచా లెక్క తప్పి ఎక్కువిచ్చిన ఇంకో స్విచ్చి.
లమారా దీపం ఆపి పడుకుంది.
కడ్డీ ఇంకా వేడిగానే ఉంది.
కళ్లద్దాలు నుదుటి మీంచి కిందికి లాక్కున్నాను,
ఏ కాలికి ఏ వైరు తప్పుగా పెట్టానో
మరిచిపోకముందే.